తాడు వదిలిన శుక్రవారం

ఇప్పుడు పూడిపోయింది గానీ, ఆ రోజుల్లో మర్రిగూడలో జుమ్మా నమాజు అయిందంటే కీళ్లు పట్టేసినవాళ్లంతా అమీరున్నీసా బావి దగ్గరికి చేరేవాళ్లు. ఊరి ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఒకరికి మెడ తిరగదు, ఇంకొకరికి మోకాలు వంగదు. ఎండిపోయిన బావి అది. గంపలో కూర్చోబెట్టి తాడు వదిలేస్తే, ఆ పడటం సాయంత్రం అసర్ నమాజు అజాన్ దాకా సాగేది. అంతసేపూ ఒంట్లో బరువుండేది కాదు, నొప్పీ ఉండేది కాదు. చివరికి బావి అడుగే మెల్లగా పైకొచ్చి గంపకు తగిలేది. తర్వాత ఎడ్లను కట్టి పైకి లాగేవాళ్లు. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోలేదు. కొట్లాటంతా వంతుల గురించే. ఆ కొట్లాటలు కూడా ఎంత బాగుండేవో!

మెడనొప్పితో వచ్చే సైన్సు సారు రామచంద్రయ్య మాత్రం పాఠం చెప్పకుండా గంపెక్కేవాడు కాదు.

"అమీరమ్మా, గంప పడ్తది, మనం పడ్తం, చేతిల చెంబు పడ్తది. అన్నీ ఒక్కతీరుగ పడ్తుంటే ఎవలి మీద ఎవలు ఆనాలె? అందుకే బరువుండదు."

"మరి ఎడ్లు గుంజినప్పుడు నడుము ఇరిగినట్టయితది గద సారూ?"

"గంప కిందికెళ్లి పైకి నెడ్తది గదా! నేల గూడ గంతే. రోజంత మనల్ని నెట్టుకుంటనే ఉంటది. గా నెట్టుడునే మనం బరువంటం."

"అయితే నా మోకాళ్ల పాపం నేలదేనా!" అని ఆమె పగలబడి నవ్వేది.

ఎనభై ఏడులో ఆమె కూతురు తాహేరా కాన్పుకు పుట్టింటికొచ్చింది. చిన్నప్పుడు తాగిన నీళ్లు ఆమె నడుమెముకల్నీ వదల్లేదు. ఒక శుక్రవారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి మంత్రసాని బిక్షమ్మ చెమట తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"అక్కా, ఎముక జాగా ఇస్తలేదు. నల్లగొండ దవాఖానకు బస్సు పొద్దుగూకినంకనే. గంతసేపు తల్లీ ఆగదు, పిల్లా ఆగదు."

"బావిల దిగుదాం పా," అంది అమీరున్నీసా.

గంపలో తాహేరాతో పాటు ఇద్దరూ కూర్చున్నారు. గిరక దగ్గర అల్లుడు లతీఫ్. నిండు చూలాలైన పెళ్లాన్ని పడేయడానికి అతనికి చేతులు రాలేదు. తాడు గట్టిగా పట్టుకుని జానెడు జానెడు వదలసాగాడు. ప్రేమకొద్దీ చేసిన పనే. కానీ తాడు బిగువుగా ఉన్నంతసేపూ గంప కిందనుంచి నెడుతూనే ఉంది, తాహేరా అరుస్తూనే ఉంది.

"తాడిడువు లతీఫ్!" అని అరిచింది అమీరున్నీసా.

"భయమైతాంది అమ్మీ! పడ్తరు!"

"పడనియ్యి! నువ్వు పట్టుకున్నంతసేపే నొప్పి!"

అన్నదే గానీ తనూ కూతుర్ని గట్టిగా పట్టుకుంది. కన్నకూతుర్ని పడేయమని ఏ తల్లి చెబుతుంది?

లతీఫ్ కళ్లు మూసుకుని వదిలేశాడు.

అరుపు ఆగిపోయింది. బిక్షమ్మ కొంగు గాల్లోకి లేచింది. చెంబులో నీళ్లు ముద్దగా పైకొచ్చి నిలిచాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తాహేరా నడుము వదులైంది. అడుగు ఇంకా కనబడకముందే ఆడపిల్ల పుట్టింది.

పిల్ల కళ్లు తెరిచి, నెమ్మదిగా ఊపిరి తీస్తూ, పైన కనబడే ఆకాశం ముక్కను చూస్తోంది.

"ఏడుస్తలేదక్కా!" బిక్షమ్మ కంగారుపడింది.

"ఎందుకేడుస్తది? దాన్నింకా ఎవలూ నెట్టలె."

పైన ఎక్కడో అసర్ అజాన్ వినిపించింది. అడుగు పైకొచ్చి గంపకు తగిలింది. అప్పుడేడ్చింది పిల్ల, ఊరంతా వినబడేలా. గిరక పక్కన ఉత్త చేతులతో నిలబడ్డ లతీఫ్ కూడా ఏడ్చాడు.

"అలవాటైతది తియ్యి బిడ్డా," అంటూ అమీరున్నీసా మనవరాలిని రెండు చేతులా ఎత్తుకుంది. అంతసేపూ తేలిన పిల్ల ఆమె చేతుల్లో బరువెక్కింది. ఎన్నో ఏళ్లుగా చిన్న చెంబెత్తినా సలిపే ఆ చేతులకు ఆ బరువు నొప్పనిపించలేదు.