ఇరవై లెక్కపెట్టేదాకా

మానుకోట చంద్రకాంత టాకీసు నుంచి ఫోను వచ్చినప్పుడు నీలి భూపాలపల్లిలో కూతురి ఇంటి వెనక కందులు చెరుగుతోంది. మోగింది మొగుడి ఫోను. హరిలాల్ పోయి రెండేళ్లయినా ఆ నంబరుకు నెలనెలా రీచార్జి చేయిస్తూనే ఉంది. ఈ ఒక్క ఫోను కోసమే.

"ఆపరేటర్ హరిలాలన్న ఉన్నడా?" అన్నాడు అవతలి నుంచి మేనేజరు సురేశ్.

"లేడు. నేను ఆయన ఇంటిదాన్ని. ఏంది, చెప్పు."

టాకీసు పడగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నారట. పడగొట్టేలోగా పాత మెషీను మీద ఒక్క రీలైనా ఆడించాలని పెద్దదొర మురహరిరావు పట్టుబట్టాడట. చుట్టపక్కాలందరినీ పిలిచారట. బొగ్గుపుల్లల మంటతో బొమ్మ వేసే మెషీను అది. ఇప్పటివాళ్లకు దాని దగ్గరికి పోవాలంటేనే దడ.

"దొరకు చూపు పోయింది అవ్వా. మెషీన్ చప్పుడన్న వింటనంటున్నడు," అన్నాడు సురేశ్. "స్కోప్ లెన్సు గూడ లేదు. అది లేకుంటే మనుషులు సన్నగ, పొడుగ్గ సాగుతరట గద. అదే పరేషాన్."

"లెన్సు నేను తెస్త. మెషీన్ గూడ నేనే ఆడిస్త," అంది నీలి.

పాము పగ పన్నెండేళ్లంటారు. నీలి పగకు ముప్పైమూడేళ్లు. పామే వచ్చి ఆమె దగ్గర నేర్చుకోవాలి.

ఆ రోజుల్లో నీలి చంద్రకాంతలో ఆడగేటు మీద టికెట్లు చింపేది. హాలంటే హాలా అది. వాకిట్లో రెండు సున్నపు ఏనుగులు, బాల్కనీకి నున్నటి మెట్లు, పాట మోగుతుంటే మెల్లగా పైకి లేచే ఎర్ర మఖ్మల్ తెర. ఆదివారం మ్యాట్నీకి గార్ల దిక్కు తండాల నుంచి ఆడవాళ్లు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. తెర మీద వెలుగు పడగానే వాళ్ల పేట్యా లంగాల అద్దాలు ఆడవాళ్ల నేల పొడుగునా తళతళలాడేవి. అది చూడడం కోసం నీలి సగం సినిమాలు గేటు దగ్గర నిలబడే చూసింది. బొమ్మ కన్నా అదే ఆమెకు ఇష్టం.

సద్దిగిన్నె పట్టుకుని మెషీను గదికి ఎక్కినప్పుడల్లా హరిలాల్ ఆమెకు పని నేర్పేవాడు. రీలు ఎక్కించడం, బొగ్గుపుల్లల మధ్య ఎడం చూసుకోవడం, అన్నీ. ఆడదానికి మెషీను ఎందుకని మిగతావాళ్లు నవ్వితే, "అన్నం వండే చేతికి మంట తెల్వదా?" అనేవాడు.

అతని అసలు పనితనం మాత్రం స్లైడులో ఉండేది. గాజుపలకకు దీపపు మసి పూసి, దాని మీద సూదితో రాసి, ఇంకో పలక మూసి కాగితం అంటించేవాడు. 'గంగారం సోమక్క కోసం గేటు వద్ద మనిషి వేచియున్నాడు' అని ముత్యాల్లాంటి అక్షరాలు తెర మీద పడేవి. వేసిన స్లైడును ఇరవై లెక్కపెట్టేదాకా తీసేవాడు కాదు. ఈలలు వేసినా, కుర్చీలు కొట్టినా అంతే. "సగం హాలుకు చదువు రాదు. పక్కనోళ్లు చదివి చెప్పాలె గద. జర ఆగాలె," అనేవాడు. నీలికీ అప్పట్లో చదువు రాదు.

ఆ హాలు అన్నదమ్ములిద్దరి ఉమ్మడిది. అన్న మురహరిరావు, తమ్ముడు శ్రీహరిరావు. ఒకరోజు లెన్సు మాయమైంది. తమ్ముడు అన్నను నిలదీశాడు. అన్న హరిలాల్‌ను దొంగగా చూపించాడు. ఆ మాట తెర మీద రాయమన్నాడు, అదీ హరిలాల్ చేతనే. రాయకపోతే ఏడు నెలల కడుపుతో ఉన్న నీలిని కూడా ఠాణాకు ఈడ్పిస్తానన్నాడు. హరిలాల్ రాశాడు. తన స్లైడు తానే మెషీనులో పెట్టాడు. కొత్త మనిషి వచ్చేదాకా మూడు రోజులు, ఆటాటకూ.

మొదటిసారి అది పడ్డప్పుడు నీలి గేటు దగ్గరే ఉంది. మొగుడి రాత గుర్తుపట్టి మురిసిపోయింది కూడా. "ఏం రాసిండక్కా?" అని పక్కన నేల మీద కూర్చున్న భూదేవిని అడిగింది. భూదేవి మూడో తరగతి చదివిన మనిషి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది: 'మనవి. ఈ హాలు లెన్సును దొంగిలించిన ఆపరేటర్ హరిలాల్‌ను పనిలో నుండి తొలగించడమైనది.' చదవడం అయిపోయాక భూదేవి తలెత్తలేదు. హరిలాల్ ఆ రోజు కూడా ఇరవై లెక్కపెట్టే తీశాడు. ఆ ఇరవైలో నీలి చచ్చి బతికింది.

మూడో రోజు ఆ స్లైడును సద్దిగిన్నె అడుగున పెట్టుకుని ఇంటికి తెచ్చింది. చదువు దాని మీదే నేర్చుకుంది. వేరేవాళ్లు అ, ఆలతో మొదలుపెడతారు, ఆమె మొగుడి పేరు ముందున్న 'దొంగిలించిన'తో మొదలుపెట్టింది.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి మూతికి పెట్టలేం. తండాలో లెన్సోడన్నారు. కడుపులో ఉన్న పిల్ల కల్యాణి పుట్టాక దాన్ని లెన్సోని బిడ్డన్నారు. మొగుడూ పెళ్లాం జనగామ పోయి హమాలీ చేశారు. మూడేళ్లకు అక్కడి హాలు ఆపరేటరుకు జ్వరమొస్తే రెండు ఆటలకు హరిలాల్‌ను పిలిచారు. మెషీనుకు బిగించి ఉన్నది చంద్రకాంత లెన్సే. ఇత్తడి చుట్టు మీద అన్నదమ్ములు కొన్ననాడు చెక్కించుకున్న 'మ', 'శ్రీ' అలాగే ఉన్నాయి. ఆ హాలు మురహరిరావు బావమరిదిది. తమ్ముడికి తెలియకుండా బావమరిదికి లెన్సు పంపించి, తమ్ముడికి చూపించడానికి ఒక దొంగను తయారుచేశాడు పెద్దమనిషి. దొంగే దొంగ దొంగ అని అరిస్తే నలుగురూ నమ్మారు. హరిలాల్ మానుకోట పోతే గేటులోకే రానివ్వలేదు.

జనగామ హాలు మూతపడి సామానంతా తూకానికి అమ్మినప్పుడు హరిలాల్ ఆ లెన్సు కొనుక్కొచ్చాడు. చనిపోయే ముందు ఏడాది సురేశ్‌కు తన నంబరు కూడా రాసిచ్చి వచ్చాడు. "మెషీన్ అక్కడుంది, లెన్సు నా దగ్గరుంది. ఎప్పటికన్న పిలుస్తరు నీలీ," అనేవాడు. పిలుపు వచ్చేసరికి అతను లేడు.

సంగతి విని కల్యాణి తల పట్టుకుంది. దవాఖానలో నర్సు, రోజూ ముసలివాళ్లను చూసే మనిషి.

"యాడీ, ఇడిచిపెట్టమ్మా. ఎనభై దాటిన ముసలోడు. కండ్లు గూడ లేవాయె. గుడ్డోనికి స్లైడేసి ఏం జేస్తవ్?"

"చెవులున్నయి గద," అంది నీలి.

ఆ సాయంత్రం పాత స్లైడు విప్పింది. 'ఆపరేటర్ హరిలాల్' అన్నచోట మసి అద్ది ఆరనిచ్చింది. దాని మీద సూదితో 'యజమాని మురహరిరావు' అని రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి. మిగతా ముక్క ముట్టుకోలేదు. హరిలాల్ రాత మీద చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు.

ఆదివారం పొద్దున పదకొండుకు హాలు సగం నిండింది. ముందు వరసలో మురహరిరావు తెల్లబట్టల్లో కూర్చున్నాడు. ఒక పక్క తమ్ముడు, ఇంకో పక్క హైదరాబాదు మనవరాలు. మెషీనుకు నూనె పెట్టి తుడుచుకుంటున్న నీలి దగ్గరికి శ్రీహరిరావు పాత మురిపెం కొద్దీ మెట్లెక్కి వచ్చాడు. లెన్సు మీద చెయ్యి వేశాడు. ఇత్తడి చుట్టును వేలితో తడిమి ఆగిపోయాడు.

"ఇది యాడిదమ్మా?"

"జనగామల మీ వదినె తమ్ముని హాలుల దొరికింది దొరా. నేను హరిలాల్ పెండ్లాన్ని."

ఆయన చెయ్యి తీసేశాడు. కిందికి దిగి అన్న పక్కన కూర్చున్నాడు.

రీలు ఆడింది. బొమ్మ నిండుగా, వెడల్పుగా పడింది. మెషీను చప్పుడు వింటూ మురహరిరావు కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి నీలికి జాలి కలగలేదు. ఏడుపంటూ ఉంటే హరిలాల్‌ది ముందుగా ఉంది. అది అలాగే ఉండిపోయింది.

రీలు అయిపోయింది. జనం చప్పట్లు కొడుతుండగా స్లైడు పెట్టింది. చప్పట్లు ముందు వరస నుంచి వెనక్కి ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఏమైంది? ఏమన్న పడ్డదా తెర మీద?" అన్నాడు మురహరిరావు.

"చదువు బిడ్డా," అన్నాడు మనవరాలితో. ఇంగ్లీషు మీడియం పిల్ల, తెలుగు కూడబలుక్కోవాలి. "మ...న...వి. ఈ హాలు లె...న్సు...ను దొం...గి..." ఆగి తాత మొహం చూసింది.

"ఆగినవేంది? చదువు."

చదివింది. పేరు దగ్గర మళ్లీ ఆగింది. "మీ పేరే ఉంది తాతా."

మురహరిరావు తమ్ముడి దిక్కు చెయ్యి చాచాడు. శ్రీహరిరావు ఆ చేతిని అందుకోలేదు. "రాసింది నిజమేనా అన్నా?" అని మాత్రం అడిగాడు. అన్న మొహం పైకెత్తి మెషీను గది ఎటుందో వెతుక్కున్నాడు.

"ఆర్పు," అన్నాడు. "ఎవరక్కడ? ఆర్పుమంటున్న."

నీలి బొగ్గుపుల్లలు దగ్గరికి జరిపింది. వెలుగు ఇంకాస్త తెల్లబడింది. అప్పటికి నిదానంగా పదకొండు లెక్కపెట్టింది. కిటికీ కంతలోంచి కిందికి చెప్పింది.

"జర ఆగాలె దొరా. చదువురానోళ్లు ఇంక ఉన్నరు."

పన్నెండు అనుకుంది.