ఇంటిదారి పట్టిన మట్టికట్ట

సాయంత్రం నాలుగింటికి నూలుమిల్లు సంగు, అదే సైరను, కూస్తే లైను ఇళ్ళ ఆడవాళ్ళు నేరుగా పొయ్యి దగ్గరికి పోరు. జుట్టులో దూదిపింజెలతోనే వాగు దగ్గరికి వెళ్ళి, కొత్తగా పోసిన కట్ట మట్టిని అరగంట తొక్కుతారు. ప్రతి ఏడూ వానలు ముదిరే ఐప్పసి నెలలో వాగు పొంగి ఇళ్ళలోకి వస్తోందని అందరూ కలిసి వేసుకుంటున్న చిన్న కట్ట అది. ఓవర్సీర్ లక్ష్మణన్ అటూ ఇటూ తిరిగి తొక్కమన్నాడు. పొద్దంతా మిషన్ల ముందు నిలబడ్డ ప్రాణాలాయె, వాళ్ళు ఇంటివైపే ముఖం పెట్టి తొక్కారు. దాంతో కట్టకు నడక వచ్చేసింది, అదీ ఇంటివైపే.

వారానికి జానెడు జరిగేది. లక్ష్మణన్ ప్రతి సోమవారం టేపుతో కొలిచి, విసుక్కుంటూ హద్దురాళ్ళు మార్చేవాడు.

ఇరుళాయి గుడిసె మాత్రం కట్టకు అవతల, వాగు వైపు ఉంది. ఆరేళ్ళ కింద రుబ్బురోలు ఎవరిదని తోడికోడలు రామాయితో తగవుపడి, పంతానికి పోయి అక్కడ వేసుకున్న గుడిసె. మొగుడు పోయాక ఆవిడకు మిగిలింది అదొక్కటే.

"ఐప్పసి లోపల కాలీ చేసేయమ్మా. నీళ్ళొస్తే మొదట నీ ఇల్లే పోతాది," అన్నాడు లక్ష్మణన్.

"నేనేడికి పోయేదయ్యా? కట్టనే కొంచెం అవతలికి జరపకూడదా?"

"అది నా మాట వింటే కదమ్మా!"

ఆ రోజు నుంచి అందరూ వెళ్ళిపోయాక ఇరుళాయి ఒక్కతే తన గుడిసె వైపు తిరిగి తొక్కింది. నలభైమంది అడుగుల ముందు రెండు కాళ్ళు ఏమూలకి? కట్ట అంగుళం కూడా కదల్లేదు. పాపం, దాని తప్పేముందని దాన్నే నిమిరి, అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత మూడు రోజులు సాయంత్రం కాగానే గుడిసె తలుపు వేసేసుకుంది, కట్టవైపు చూడనే లేదు.

నాలుగో రోజు కొండల మీద మబ్బు పట్టింది. ఇరుళాయి చట్టీలు, చాప మూటగట్టి నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చింది. కట్ట మీద ఆడవాళ్ళంతా తనవైపే తిరిగి ఉన్నారు. తన గతి చూడ్డానికి నిలబడ్డారనుకుని సిగ్గుతో తల వంచుకుంది.

"ఏమే ఇరుళాయి, మూటెత్తుకోని యాడికి?" ముందువరసలో రామాయి, చీర ఎగ్గట్టి రొప్పుతూ. "మూడు దినాలుగా నీ ఇంటిదిక్కే తొక్కి తొక్కి మోకాళ్ళు పోయినాయి. అది బయల్దేరే వేళకి నువ్వు పోతాండావా?"

"నువ్వెందుకక్కా తొక్కడం?" ఇరుళాయి నెత్తిమీది మూట దించింది.

"ఇటు తిరిగితే నీ ఇల్లే కనబడతాది. ఆరేండ్లు చూడకుండా ఉన్న్యాను. ఇంక నా వల్ల కాదు."

కట్ట మెల్లగా లేచి, ఆడవాళ్ళందరినీ మోసుకుంటూనే మునగచెట్టును తప్పుకుని, గుడిసె దాటి వాగు ఒడ్డున కూర్చుంది. లక్ష్మణన్ రాళ్ళు తెచ్చి అక్కడే పాతించాడు.

ఆ ఐప్పసిలో వాగు పొంగి కట్టను ఒరుసుకుంటూ పోయింది. ఇరుళాయి, రామాయి ఒకే గుమ్మంలో కూర్చుని చూశారు. వాన వెలిశాక కూడా రామాయి లేవలేదు. లేవమని ఇరుళాయి అనలేదు.