హ్యాంగ్మీ ఎడమవైపు సంగతి

ఆగండాగండి, ఆ చెప్పులు తర్వాత వేసుకుందురుగానీ, ముందు మా బూసాన్ హ్యాంగ్మీ సంగతి వినేసి వెళ్ళండి.

పెళ్ళికి ముందెప్పుడో సియోల్ వెళ్ళి, గప్‌చుప్‌గా రొమ్ముల్లో సిలికాన్ పెట్టించుకుంది హ్యాంగ్మీ. తర్వాత పెళ్ళయింది, కూతురు పుట్టింది, ఆ కూతురు కాలేజీకి కూడా వెళ్ళిపోయింది. మొగుడికి ఒక్కడికే తెలుసు, అతను నోరు విప్పితే ఒట్టు. అంతా బాగానే ఉందనుకుంటుంటే, ఈమధ్య ఎడమది గట్టిపడటం మొదలెట్టింది. గట్టిపడి ఊరుకుందా, మెల్లిమెల్లిగా పైకెక్కింది. కుడిది ఉన్నచోటే కునుకు తీస్తోంది, ఎడమదేమో మెడ దాకా వెళ్ళొస్తానని బయల్దేరినట్టుంది.

డాక్టర్ చూసి, "చుట్టూ పొర బిగుసుకుపోయిందమ్మా, పాతబడ్డాక కొందరికి ఇలా అవుతుంది. శుక్రవారం స్కాన్ తీసి, లోపల చిరిగిందేమో చూద్దాం. అందాకా నొక్కడాలూ పిసకడాలూ వద్దు" అన్నాడు.

ఇంక ఈ గోల నా వల్ల కాదు, రెండూ తీయించేసి హాయిగా బోర్లా పడుకుంటా అనుకుంది హ్యాంగ్మీ. కానీ అత్తగారుందిగా, బున్‌న్యో! ఆదివారం వచ్చిందంటే ఆవిడ కోడల్ని వెంటేసుకుని వీధి చివర వేడినీళ్ళ స్నానాలశాలకి వెళ్ళాల్సిందే. ఆడవాళ్ళంతా బట్టలు బీరువాల్లో పడేసి, బుల్లి పీటల మీద వరసగా కూచుని ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. అక్కడ మొదలెడుతుంది ఈవిడ. "చూడండే, మా కోడలు. కత్తి తగలని ఒళ్ళు. కోయించి పెట్టించుకున్నవి కావు, తల్లి ఇచ్చినవి."

హ్యాంగ్మీ కొన్ని వారాలు జలుబని ఎగ్గొట్టింది, కొన్ని వారాలు పనుందని ఎగ్గొట్టింది. చివరికి అత్తగారు మొహం మాడ్చుకుని, "నా వీపు అంత బరువైపోతే చెప్పు, మల్‌సుక్‌తో రుద్దించుకుంటా" అంది. మల్‌సుక్ అంటే పక్కవీధి చేపల కొట్టావిడ. కోడలుండగా పరాయిదాని చేత వీపు రుద్దించుకోవడమంటే, ఆ కోడలి పరువు కాలవలో కలిసినట్టే. చేసేదిలేక, ఎడమవైపు పెద్ద నొప్పిపట్టీ అంటించుకుని, కండ పట్టేసిందని చెప్పి బయల్దేరింది.

వేడినీళ్ళలో దిగిన కాసేపటికే పట్టీ ఊడింది. ఊడి, తేలుకుంటూ వెళ్ళి మల్‌సుక్ మోకాలికి అతుక్కుంది. మల్‌సుక్ దాన్ని చూసి, హ్యాంగ్మీని చూసి, చెప్పాపెట్టకుండా వేలితో పొడిచింది.

"ఒసే బున్‌న్యో, నీ కోడలికి కండ బాగా పట్టేసిందే. రాయిలా ఉంది."

"అవునా? ఏదీ?"

"పిసికితే దిగుతుంది. మా ఆయన భుజం అలాగే దింపా. ఒడ్డెక్కి పడుకో పిల్లా."

రోజూ వడల కోసం చేపముద్ద పిసికే చేతులవి. పక్క పీటలవాళ్ళు కూడా సాయానికి లేచారు, ఒకావిడ కాళ్ళు పట్టుకుంది. హ్యాంగ్మీకి పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారిని దగ్గరికి లాగి, చెవిలో "అత్తయ్యా, అది కండ కాదు. సిలికాన్. పిసికితే పగలొచ్చు" అని గొణిగింది.

బున్‌న్యో నీళ్ళ గిన్నె ఠంగుమని నేలకేసి కొట్టింది. "ఎవరూ ముట్టుకోకండి. మా ఇంటి కండ, మా వైద్యుడే దింపుతాడు."

చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బట్టలేసుకుని పక్క గదిలో వెచ్చటి నేల మీద కూచున్నాక, అక్కడమ్మే ఉడకబెట్టిన గుడ్డు కొని, అక్కడి సరదా అలవాటు ప్రకారం కోడలి నుదుటికేసి కొట్టి పెంకు తీస్తూ అడిగింది.

"ఎప్పట్నించి?"

"పెళ్ళికి ముందు నుంచీ."

"అంటే ఇన్నేళ్ళూ నేను ఎవడో డాక్టర్ పనితనాన్ని పొగిడానన్నమాట. నొప్పిగా ఉందా?"

"ఉందత్తయ్యా. శుక్రవారం స్కాన్."

"నేనూ వస్తా."

హ్యాంగ్మీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ధైర్యంతోనే, "రెండూ తీయించేద్దామనుకుంటున్నా" అంది.

అత్తగారు గుడ్డు నమలడం ఆపేసింది. "తీయించేస్తే ఆ మల్‌సుక్‌కి ఏం చూపించను? కొత్తవి పెట్టించుకో. తల్లి ఇచ్చినవి ఎలా ఉండేవో అచ్చం అలాగే. పాత ఫొటో ఉంటే తీసి ఇవ్వు, డాక్టర్‌కి నేనే వివరంగా చెబుతా."

ఒకవైపు బోర్లా నిద్ర. ఇంకోవైపు, ఇన్నేళ్ళలో మొదటిసారి తన పక్షాన గిన్నె విసిరికొట్టిన అత్తగారు. శుక్రవారం డాక్టర్ అడుగుతాడు, తీసేయాలా, మార్చాలా అని. పక్క కుర్చీలో బున్‌న్యో కూచునుంటుంది. చెప్పండి, మీరైతే ఏమంటారు?