ఏడు నెలలు టికెట్ లేకుండా

మర్నాడే సంతోషి మళ్లీ డ్యూటీ ఎక్కాలి. నారాయణఖేడ్ డిపోలో ఆమె బస్సు కండక్టర్. ప్రసూతి సెలవు అయిపోయింది. ఆరు నెలల పాపేమో తల్లి భుజం మీద తప్ప కన్ను మూయదు. అత్త రుక్కమ్మ ఊయలలో వేస్తే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. ఇట్లాగే ఉంటే ఉద్యోగం మానుకోవడం తప్ప దారి లేదు.

ఆ మధ్యాహ్నం మొగుడు దుర్గేశ్ ఫోనులో నిద్రపుచ్చే చప్పుళ్లేవో వెతికాడు. వాన పెడితే పాప ఉలిక్కిపడింది. సముద్రం పెడితే ఏడుపు ఇంకా గట్టిగా అందుకుంది.

"గా సముద్రం మీ తాత సుత చూడలే. పోరి ఏం గుర్తువడ్తది? బంద్ చెయ్యి," అని రుక్కమ్మ కొడుకును కసిరింది.

దుర్గేశ్ ముఖం మాడ్చుకుని తన ఆటో తీశాడు. ఇరుకు సందు, వెనక్కే పోవాలి. పాపను అత్తకు వదిలి సంతోషి గడప దగ్గరికొచ్చింది. అలవాటుకొద్దీ తలుపు మీద చరిచి, "రైట్, రైట్!" అంది.

లోపల ఏడుపు ఆగిపోయింది.

తొంగి చూస్తే పాప రెప్పలు వాలుతున్నాయి. ఇంతలో ఆటో గోడకు తగలబోయింది. "హోల్డాన్!" అని అరిచింది సంతోషి. పాప టక్కున కళ్లు తెరిచి, బండి ఎందుకు ఆగిందన్నట్టు అటూ ఇటూ చూసింది. సంతోషి మెల్లగా మళ్లీ అంది, "రైట్, రైట్." పాప కళ్లు మూసుకుంది.

సంతోషికి ఒళ్లు జలదరించింది. ఏడో నెల నిండేదాకా ఆమె కల్హేర్ బస్సులో నిలబడి టికెట్లు కొట్టింది. కడుపులో బిడ్డ ఉందని తెలుసు. ఆ బిడ్డ అన్నీ వింటోందని, ప్రతి స్టేజీలో తనతోపాటు ఆగి, తనతోపాటు కదులుతోందని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు. ఎంత వింత ఇది!

"అమ్మో! గిది నీతోని ఊర్లన్నీ తిరిగిందే పిల్లా," అంది రుక్కమ్మ నోరు వెళ్లబెట్టి. "ఏడు నెలలు, టికెట్ లేకుండ!"

సాయంత్రం దాకా అత్తకు కోడలు పాఠం చెప్పింది. రుక్కమ్మ మొదట "రైటో, రైటో" అంటే పాప ముఖం చిట్లించింది. నాలుగోసారికి ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున కల్హేర్ బస్సు ఊరు దాటగానే ఫోను మోగింది. "పండుకున్నది. జర మెల్లగ మాట్లాడు," అని గుసగుసగా చెప్పి అత్త పెట్టేసింది.

వచ్చే స్టేజీలో దిగేవాళ్లు లేచారు. సంతోషి నోరు తెరిచింది గానీ ఆ మాట గట్టిగా అనలేకపోయింది. డ్రైవర్ శ్రీను సీటు దాకా నడిచి, వంగి చెప్పింది.

"హోల్డానన్నా... మెల్లగ."

"ఏమైందమ్మా?"

"బిడ్డ పండుకున్నది," అంది, కళ్లు తుడుచుకుంటూ.