దూరపు కొండ రంగు

నేను ఒక కొబ్బరి చిప్పని. నా లోపలి కొబ్బరి ఏనాడో పచ్చడైపోయింది. పైడమ్మ నన్ను గోకి శుభ్రం చేసి, నాటకాల తెరలు రాసే తన పెనిమిటి, గురువులనే ఆయన చేతిలో పెట్టింది. అప్పట్నుంచీ నాలో కలిసేవి రంగులే.

దూరపు కొండలు నునుపని మనుషులు చెప్పుకుంటారు గానీ, ఆ దూరం తయారయ్యేది నాలోనే. దగ్గరి చెట్టుకి చిక్కటి ఆకుపచ్చ. వెనక కొండకి అందులోనే కాస్త నీలం, కాస్త సుద్ద. ఆ వెనక దానికి ఇంకాస్త సుద్ద. చిట్టచివరి కొండ మజ్జిగ తేటలా ఉండాలి, కనపడీ కనపడనట్టు. గురువులు రాసిన తెర చూస్తే అందులోకి దిగి నాలుగూళ్ళు నడిచిపోవాలనిపించేది.

పెద్దతనాన ఆయన కళ్ళకి పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తెర రాయమని ఎవరడుగుతారు? నాటక సమాజం పెద్ద సత్యం నాయుడు అడవి తెర పురమాయించి, మర్నాడు పొద్దున వచ్చి చూస్తానన్నాడు. ఆ సాయంత్రం చివరి కొండకని గురువులు కలిపిన రంగు చూద్దును కదా, చెట్టుకేసిన ముదురే! మంచు పట్టిన కళ్ళకి ఏ రంగైనా దూరంగానే ఉంటుంది మరి. ఆయన చుట్ట కాల్చుకోడానికి అరుగు మీదకెళ్ళగానే పైడమ్మ గుప్పెడు సుద్ద నాలో పోసి కలిపేసింది.

ఆయనొచ్చి కుంచె ముంచి రాశాడు. రాసిన చోటే మళ్ళీ రాశాడు.

"పైడీ, కొండ కనపడ్డం లేదే."

"దూరం కొండ కదా. అలాగే ఉండాలని నువ్వే చెప్పీవోడివి."

ఆయన నాలో వేలు ముంచి, బొటనవేలితో నలిపి చూసుకున్నాడు. సుద్ద ఎక్కువైతే వేలికి తెలిసిపోతుంది. వేలు తుడుచుకుంటూ, నీకెప్పట్నుంచి తెలుసని అడిగాడు. తీర్థం జాతరలో తనే అనుకుని పక్కావిడతో కబుర్లు చెప్పిన నాటి నుంచీ అందావిడ. ఆయన నవ్వలేక నవ్వి, కుంచె ఆవిడ చేతికిచ్చాడు. తనకి రాదని గొణుగుతూనే, ముగ్గులేసిన చేత్తో కొండ గీత లాగేసింది.

మర్నాడు నాయుడొచ్చి, వీధి చివరి దాకా వెళ్ళి నిలబడి తెరని చూశాడు. ఆ ఆఖరి కొండ ఎలా రాశావయ్యా అని అడిగాడు. చెప్పొద్దని పైడమ్మ పెనిమిటికి సైగ చేసింది. ఆయనకి కనపడితేగా.

"అది మా యావిడి రాసింది బాబూ. నాకు కళ్ళు ఆనడం లేదు. ఇక మీదట చెట్లు నావి, కొండలు దానివి."

నాయుడు తెరకేసి ఇంకోసారి చూశాడు. అయితే సముద్రం తెర కూడా ఇద్దరూ కలిసే రాయండని చెప్పి వెళ్ళాడు.

ఆ పూట నుంచి నా చోటు ఇద్దరి మధ్యన.