తుడవని ఎరుపు

"ఆకాశం గింత ఎర్రగ యాడ ఉంటదే? జర తుడిచి సహజంగ చెయ్యి," అంటూ నాలుగు ఫోటోలు ప్రేమమ్మ ముందు పడేసి, దయానందం చాయ్ కోసం చెయ్యి చాచాడు.

ప్రేమమ్మ పెనం మీది రొట్టె తిప్పి, పిండి చేతిని కొంగుకు తుడుచుకుని గ్లాసు అందించింది. మొయినాబాద్ రోడ్డు మీది ఫోటో స్టూడియో దయానందానిది. అతను తీసే నలుపు తెలుపు ఫోటోలకు, ఇంటిపని తెమిలాక, రంగులద్దేది ప్రేమమ్మ. ఫోటో వెనకాల పడే ముద్రలో మాత్రం అతని పేరే ఉంటుంది. అరవైతొమ్మిది ఎండాకాలం. తెలంగాణ కోసం బడులు, కాలేజీలు బందయ్యాయి. బస్సులు ఏ రోజు నడుస్తాయో ఎవరికీ తెలియదు. స్టూడియో మెట్లెక్కే మనిషి లేడు. అటువంటప్పుడు పట్నంలో కేలండర్లు అచ్చువేసే అనంతయ్య సూర్యోదయం ఫోటోలు కావాలన్నాడు. దయానందం గండిపేట చెరువు గట్టుకు పోతూ, స్టాండు మోయడానికి భార్యను వెంట తీసుకుపోయాడు. "రంగులు నువ్వు యాదికి పెట్టుకో, నేను కెమెరా చూసుకోవాలె," అన్నది కూడా అతనే.

ఆమె యాదికి పెట్టుకుంది. దానిమ్మ గింజలు చిదిపినట్టున్న ఆకాశం. నల్లగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి జామపండు లోపలి రంగుకు తిరిగాయి. అవతలి గుట్టది వంకాయ రంగు. ఇంటికొచ్చి అవే రంగులు వేసింది. అనంతయ్య చూసి, ఇది తెల్లారుడా, సర్కస్ డేరానా అని నవ్వాడట.

"గట్లనే ఉండె గదా. మీరు గూడ ఆడనే ఉంటిరి," అంది ప్రేమమ్మ.

"ఉంటి. నాకైతే గంత కనబడలే. నీకు ఏదైనా ఎక్కువనే కనబడ్తది." గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

గిన్నెలు తోమి, నీళ్లు మోసి, అత్తకు అన్నం పెట్టాక ఆమె టర్పెంటైన్‌లో ముంచిన దూదితో కూర్చుంది. రుద్దిన కొద్దీ ఎరుపు గులాబీ అయింది, గులాబీ గంజినీళ్లయింది. నిజంగా అంత ఎర్రగా ఉండిందా? ఏళ్ల తర్వాత చెరువు చూసిన సంబరంలో తనకే అట్లా తోచిందా? ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారు. ఒకరికి కనబడి ఇంకొకరికి కనబడకపోవడమేమిటి? కళ్లు మూసుకుని ఆ తెల్లవారుజామును తెచ్చుకోబోతే, చేతి కింది వెలిసిన ఆకాశమే ఎదురొచ్చింది. పోయిన నెల పేతురు సంగతీ ఇట్లాగే అయింది. పేతురు చేవెళ్లలో ఉండే ఆడపడుచు భర్త, ప్రేమమ్మ అన్నా అని పిలిచే మనిషి. ఆదివారం ప్రార్థన అయ్యాక వంటింట్లోకి వచ్చి, మంచినీళ్లిస్తుంటే ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గుంజుకుంటే కూడా వదల్లేదు. దయానందంతో చెబితే, "ఆయనకు చెయ్యి పట్టుకొని మాట్లాడుడు అలవాటు. ఉన్నదాన్ని పదింతలు చేస్తవ్," అన్నాడు. అప్పటినుంచి ఎన్నిసార్లు గుర్తు చేసుకుందో. పట్టుకున్నాడా, తగిలిందా? నవ్వాడా, తనకే నవ్వినట్టనిపించిందా? ఇప్పుడు అడిగితే ఏమని చెప్పాలో ఆమెకే తెలియడం లేదు. రేపు ఆదివారం మళ్లీ వస్తున్నాడు. కోడికూర వండమని చెప్పారు.

మూడు ఫోటోలు తుడవడం అయింది. అత్త ధనమ్మ చేటలో బియ్యం తెచ్చుకుని పక్కన కూర్చుని, ఆరబెట్టినవాటిని చూసింది.

"గిదేందే, గిట్ల సప్పగున్నది? మీరు చెరువుకాడికి పోయిన దినానిదేనా?"

"అదే, అత్తమ్మా."

"ఆ దినం మొగులంత నెత్తురు లెక్క ఉండె గద. పేడ తీయబోయి చూసిన. అప్పుడే పట్నంల కాల్పులైనయంటిరి. గుండె దడదడలాడి ఆడనే మోకాళ్ల మీద పడి ప్రార్థన చేసుకున్న."

ప్రేమమ్మ చేతిలో దూది ఆగిపోయింది. "ఎర్రగనే ఉండెనా?"

"ఉండకపోతే నేనెందుకు భయపడ్త?"

ప్రేమమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకో తెలియలేదు. ఈమెకు చెప్పొచ్చా? పేతురు ఈమె బిడ్డ మొగుడు. చెబితే రేపటికి తనను పుట్టింటికి పంపేస్తారేమో. అయినా నోరు ఆగలేదు.

"అత్తమ్మా, పోయిన నెల వంటింట్ల పేతురన్న నా చెయ్యి పట్టుకున్నడు. ఇడవమంటె ఇడ్వలే."

ధనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. పొరపాటు చేశానా అనుకుంది ప్రేమమ్మ.

"ఏ చెయ్యి?" అంది ధనమ్మ.

ప్రేమమ్మ కుడిచెయ్యి చాచింది. ధనమ్మ దాన్ని తన ఒళ్లోకి తీసుకుంది. వదల్లేదు.

దయానందం చెప్పులు విడుస్తూ గడపలోంచే కేకేశాడు. "అయినయా?"

"మూడు అయినయి. నాలుగోది తుడవ."

"ఏందే? పిచ్చి లేసిందా?"

"దయా," అంది ధనమ్మ తల ఎత్తకుండా, "ఇట్లొచ్చి కూసో. కోడలు ఒక మాట చెప్తది. మధ్యల అందుకోకుండ ఇను."

అతను తల్లిని చూశాడు, భార్యను చూశాడు, చెప్పు ఒకటి కాలికి ఉండగానే వచ్చి కూర్చున్నాడు. ప్రేమమ్మ మంచినీళ్ల చెంబు దగ్గరినుంచి, దేన్నీ పలచన చేయకుండా చెప్పడం మొదలుపెట్టింది.