అరవయ్యో నిమిషం తర్వాత

అక్టోబరు రెండో వారం నాటికి మా చేతిలో ఉన్నవి ఇవి: ఆడినవి రెండు ఆటలు, రెండూ గెలుపులే, ఆరు పాయింట్లు. పద్నాలుగు మంది ఆటగాళ్ళు, ఒక మంచి గోల్‌కీపర్, పదిహేను పసుపు చొక్కాలు. క్రిస్మస్‌లోపు ఇంకా ఐదు ఆటలున్నాయి. ఆ ఐదింటిలో మాకు కావలసింది ఒక్క పాయింటు. గెలిస్తే మూడు వస్తాయి, డ్రా అయితే ఒకటి వస్తుంది. ఒక్క డ్రా చాలు.

మాకు అంటే మా వైపు యూనివర్సిటీ ఫుట్‌బాల్ మూడో జట్టుకు. నేనక్కడ చదివినవాణ్ణి కాను. హేస్‌లో పంతొమ్మిదేళ్ళుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. చీరాలలో చదువుకునే రోజుల్లో కూడా ఫుట్‌బాల్ తన్నిన గుర్తు లేదు. సెప్టెంబరులో మణిదీప్ అనే కుర్రాడు బియ్యం కోసం వచ్చి, మెత్తబడిన కమలాపండ్లు ఉంటే తక్కువకు ఇస్తారా అని అడిగాడు. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళకు ఆట సగంలో ఆపి కమలాపండ్ల ముక్కలు తినడం పాత ఆచారం. ఇచ్చిన సరుకు ఎటు పోతుందో చూడకుండా ఉండలేను కనుక పెట్టె పట్టుకుని నేనే వెళ్ళాను. ఆ తర్వాత ఒక్క బుధవారం మానలేదు. బుధవారం మధ్యాహ్నం వాళ్ళకు క్లాసులుండవు, నా కొట్టులో బేరాలుండవు. మా ఆవిడ నాగేశ్వరి కౌంటర్లో కూర్చునేది.

మూడో జట్టును రెండేళ్ళ క్రితమే ఎత్తేశారు. మణిదీప్ వచ్చిన పదిహేను రోజుల్లో ఇరవై మంది సంతకాలు పోగుచేసి, స్పోర్ట్స్ ఆఫీసు చుట్టూ తిరిగి దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. వాడిది గోదావరిఖని. బొగ్గు గనుల కాలనీ మైదానంలో పెరిగినవాడు. మాస్టర్స్ ఒక్క ఏడాదే కనుక వాడికున్నది ఈ ఒక్క సీజనే. ఆఫీసు ఒక షరతు పెట్టింది. క్రిస్మస్‌లోపు ఏడు ఆటల్లో ఏడు పాయింట్లు రావాలి. రాకపోతే సీజన్ మధ్యలోనే జట్టును ఉపసంహరిస్తారు, మినీబస్సు హాకీ వాళ్ళకు పోతుంది.

ఏడులో ఆరు రెండు వారాల్లోనే వచ్చాయి. అంత తేలిక బేరం నా జీవితంలో చూడలేదు. అప్పుడే అనుమానించవలసింది.

మూడో ఆట 3–1తో ఓడాం. నాలుగోది 4–1. ఐదోది 3–0.

నేను చూసి ఊరుకునే రకం కాదు. ఆట అయిన ప్రతి సాయంత్రం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి. ఎక్కడ పోయింది, ఎవరి వల్ల పోయింది, ఏం చేయాలి. కుర్రాళ్ళు దానికి ‘ఆడిట్’ అని పేరు పెట్టారు. తెలుగు రానివాళ్ళ కోసం మణిదీప్ ఇంగ్లీషులో రెండు ముక్కలు రాసేవాడు. నేను చెప్పింది పది నిమిషాలు, వాడు రాసేది రెండు ముక్కలు. మిగతాది ఏమయ్యేదో అడగలేదు.

గాలిమాటలు చెప్పకూడదని, పడిన ప్రతి గోలుకూ నిమిషం రాసిపెట్టుకునేవాణ్ణి. కాగితం లేక కమలాపండ్ల పెట్టె మూత మీదే రాసేవాణ్ణి. నాలుగో ఆట తర్వాత రెండు మూతలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం కనబడింది. మావాళ్ళు ఒక గంట బాగానే ఆడుతున్నారు. అరవయ్యో నిమిషం దాటాక చేతులెత్తేస్తున్నారు. పడిన ఏడు గోల్స్‌లో ఐదు ఆ తర్వాతవే.

దమ్ము చాలడం లేదని తేల్చాను. మంగళవారం సాయంత్రం ఆరింటికి అదనంగా గంట పరుగు పెట్టమని ఆడిట్‌లో చెప్పాను. పెట్టారు. ఐదో ఆటలో మూడు గోల్స్ కూడా అరవయ్యో నిమిషం తర్వాతే పడ్డాయి.

అప్పుడు నా దృష్టి గోల్‌కీపర్ మస్తాన్ మీద పడింది. నెల్లూరు కుర్రాడు, పొడుగ్గా ఉంటాడు. అక్టోబరులో పిల్లిలా దూకినవాడు నవంబరులో బంతి పక్కనుంచి పోయాక దూకుతున్నాడు. కొట్టులో కదలని సరుకును అరలోంచి తీసేయడం నాకలవాటు. వాణ్ణి పక్కన పెట్టమని చెప్పాను. మణిదీప్ ఒకరోజంతా బదులివ్వలేదు. తర్వాత పెట్టాడు.

నాగేశ్వరి ఆ మెసేజ్ విన్నది. “ఉప్పూ పప్పూ అమ్ముకునేవాడికి గోల్‌కీపర్ గొడవెందుకండీ? వాడి మొహం చూశారా ఈ మధ్య? మొన్న పెరుగు తీసుకుని డబ్బిచ్చి, పెరుగు ఇక్కడే వదిలేసి పోయాడు” అంది.

నేను ఆ మాటను ఆటకు సంబంధించినదిగా తీసుకోలేదు.

ఆరో ఆటకు వాట్‌ఫర్డ్ దాటి వెళ్ళాం. కొత్త గోల్‌కీపర్ ఈ దేశంలోనే పెరిగిన కార్డిఫ్ కుర్రాడు, ఉత్సాహవంతుడు, అంతకుముందు ఎప్పుడూ గోల్‌లో నిలబడలేదు. 5–1. నాలుగు ఓటముల్లో పదిహేను గోల్స్. మూతలు చూసుకుంటే అందులో పన్నెండు అరవయ్యో నిమిషం తర్వాతవే.

అయితే నాకు లెక్క తప్పిందని తెలిసింది మూతల వల్ల కాదు, కమలాపండ్ల వల్ల. ప్రతిసారీ ఇరవై పండ్లు, ఒక్కోటి నాలుగు ముక్కలు, మొత్తం ఎనభై. అక్టోబరులో తొక్కలు తప్ప ఏమీ మిగిలేవి కావు. ఆ రోజు సగం ఆట దగ్గర పెట్టెలో నలభైకి పైగా అలాగే ఉన్నాయి. ఆకలి వేయవలసిన వయసులో తిండి మిగులుతోందంటే లోపం ఆటలో లేదు. ఎవరు తినడం లేదో చూశాను. ఐదుగురు. మణిదీప్, మస్తాన్, ఇంకో ముగ్గురు తెలుగు కుర్రాళ్ళు. మస్తాన్ చేతిలో ఒక ముక్క ఉంది. బెంచీ మీద కూర్చుని, ఆ ముక్క పట్టుకునే నిద్రపోతున్నాడు.

లేపి, ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

“ఏముంది అంకుల్, నిద్ర చాల్లా. పొద్దన్నే ఆరుకి దిగినా డ్యూటీ. రూముకొచ్చేసరికి ఏడున్నర.”

“ఈ రోజు డ్యూటీ ఏంట్రా? బుధవారం మీ ఐదుగురికీ సెలవు కదా. నేనే ఫయాజ్‌తో చెప్పి ఇప్పించాను.”

“సెలవే అంకుల్. ఈ రాత్రికి పోబల్లేదు. నిన్న రాత్రి పదికి ఎక్కినాం గదా, అది రోటాలో మంగళవారం కింద పోతాది.”

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అక్టోబరు మధ్యలో ఈ ఐదుగురూ పార్ట్‌టైమ్ పని కోసం నా కొట్టుకు వచ్చారు. ఎయిర్‌పోర్ట్ పక్కన పార్సెళ్ళ గోడౌన్ ఒకటుంది. అక్కడ రాత్రి షిఫ్టుల రోటా, అంటే ఎవరిది ఏ రాత్రో రాసే పట్టిక, వేసే ఫయాజ్ కడపవాడు, నా పాత కస్టమరు. మాట సాయం చేసి ఐదుగురికీ వారానికి రెండు రాత్రులు ఇప్పించాను. ఆట ఉంటుందని గుర్తుపెట్టుకుని, బుధవారం మాత్రం వేయవద్దని కూడా చెప్పాను. ఆ ముందుచూపుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మూడో ఆట ఆ తర్వాతి వారమే.

అంటే ఆరు వారాలుగా వీళ్ళు రాత్రంతా పెట్టెలు మోసి, రెండు మూడు గంటలు పడుకుని, మినీబస్సు ఎక్కి ఆడుతున్నారు. దానికి పైన మంగళవారం సాయంత్రం నేను పెట్టించిన పరుగు.

తిరుగు ప్రయాణంలో మణిదీప్ పక్కన కూర్చుని, ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. వాడు కిటికీలోంచి చూస్తూనే బదులిచ్చాడు.

“ఎట్ల చెప్తం అంకుల్? అడగంగనే జాబ్ ఇప్పిచ్చిన్రు. మల్ల పోయి గీ రోజు గాదు, గా రోజు కావాలె అంటే మీ మాట ఏం గావాలె ఆడ?”

“మరి నేను పరుగెత్తమంటే ఎందుకు పరుగెత్తారు?”

“పెద్దోళ్ళు చెప్పిన్రని.”

ఇది ఇంకెవరూ చేయని తప్పు. ఆ కార్డిఫ్ కుర్రాడైతే మొదటి వారమే వచ్చి, మీరిప్పించిన రోజు పనికిరాదని మొహం మీదే చెప్పేవాడు. మావాళ్ళు నా మర్యాద కాపాడటానికి నాలుగు ఆటలు ఇచ్చేశారు. మిగిలింది ఒక్క ఆట. అది వచ్చే బుధవారం. వచ్చే వారం రోటా శుక్రవారం పొద్దున గోడమీద పడుతుంది.

గురువారం ఉదయమే ఫయాజ్ దగ్గరికి వెళ్ళాను. విషయమంతా విని టీ కప్పు కింద పెట్టాడు.

“నువ్వేమడిగితివన్నా? బుధవారం అడిగితివి. బుధవారమే ఇస్తి. మంగళవారం అడిగింటే అదే ఇచ్చుందును. ఇప్పుడు క్రిస్మస్ పార్సెళ్ళు. మంగళవారం రాత్రి ఒక్క మనిషి తగ్గినా నా తల లేస్తాది.”

అతని మాటలో తప్పు లేదు. చివరికి ఒక దారి ఇచ్చాడు. మనిషికి మనిషి. మంగళవారం చేసేవాణ్ణి నేను తెస్తే, వాడి షిఫ్టు మావాడికి రాస్తాడు. పేర్లు శుక్రవారం తొమ్మిదింటిలోపు అందాలి.

ఇది నాకు తెలిసిన పని. ఒకడికి అక్కర్లేనిది ఇంకొకడికి కావాలి, వాళ్ళిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అందుకే మధ్యలో కొట్టు ఉంటుంది. ఆ గోడౌన్‌లో ఆదివారం రాత్రి చేసేవాళ్ళు సోమవారం తొమ్మిది గంటల క్లాసుకు వెళ్ళలేక అవస్థపడతారు. వాళ్ళెవరో నాకు తెలుసు. సోమవారం పొద్దున ఎర్ర కళ్ళతో వచ్చి కాఫీపొడి కొనేవాళ్ళే. మంగళవారం తీసుకుని ఆదివారం వదిలేస్తారా అని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. సాయంత్రానికి ముగ్గురు ఒప్పుకున్నారు. శుక్రవారం ఎనిమిదిన్నరకు నాలుగో మనిషి, ప్రవల్లిక అనే అమ్మాయి, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకుంటున్నానంది. ఐదో మనిషి దొరకలేదు.

మణిదీప్‌కు చెబితే, ఎవరి పేర్లు రాయాలో వాడికి ఆలోచించే పని పడలేదు.

“మస్తాన్‌ది, ఆ ముగ్గురిది రాయున్రి అంకుల్. నాకు అరవై నిమిషాలు మస్తు.”

ఆ రాత్రి గ్రూపులో నేను పెట్టిన ఆడిట్ నలభై సెకన్లు. లోపం మస్తాన్‌ది కాదు, ఎవరి దమ్ముదీ కాదు, తప్పు రోజు అడిగిన నాదని చెప్పాను. మంగళవారం పరుగు రద్దని చెప్పాను. మస్తాన్‌ను మళ్ళీ గోల్‌లో పెట్టడం కెప్టెన్ ఇష్టమన్నాను. మణిదీప్ ఈసారి మొత్తం ఇంగ్లీషులోకి మార్చి పెట్టాడట.

ఏడో ఆట మా మైదానంలోనే. చలి, సన్నని వాన. చూడటానికి నేనూ, స్పోర్ట్స్ ఆఫీసు నుంచి గొడుగుతో ఒకావిడా. ఇరవై రెండో నిమిషంలో మావాళ్ళు ఒక గోల్ వేశారు. సగం ఆట దగ్గర పెట్టె దించి వెనక్కి తిరిగేలోపు ఖాళీ అయింది.

యాభై ఎనిమిదో నిమిషంలో మణిదీప్ కాలు జారింది. జారడం అనడం కూడా ఎక్కువే. తన పక్కనుంచి మనిషి దాటిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. 1–1. అరవయ్యో నిమిషంలో వాడే చెయ్యెత్తాడు. కెప్టెన్ పట్టీ విప్పి ఆ ముగ్గురిలో ఒకడి చేతికి కట్టి, మైదానం దాటి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. తన జట్టు ఉంటుందో పోతుందో తేలే అరగంటను బయట కూర్చుని చూడటానికి వచ్చాడు. నా పెట్టె మూతల మీద ఏముందో వాడికీ తెలుసు.

“ఎంతైంది అంకుల్?”

“డెబ్బై ఒకటి.”

కాసేపటికి మళ్ళీ అడిగాడు. డెబ్బై మూడన్నాను. ఫోన్ నా చేతిలోంచి తీసుకుని తనే పట్టుకున్నాడు.

ఎనభై తర్వాత అవతలివాళ్ళకు వరసగా మూడు కార్నర్లు వచ్చాయి. మొదటిది మస్తాన్ గుద్ది పంపాడు. రెండోది గోల్ గీత మీద కాలితో ఆపాడు. మూడోదానికి అందరికంటే పైకి లేచి, రెండు చేతులా పట్టుకుని, బంతి మీదే బోర్లా పడుకున్నాడు. లేవడానికి చాలాసేపు పట్టింది.

“మల్ల నిద్రపోయిండా ఏంది” అన్నాడు మణిదీప్.

రెఫరీ విజిల్ వేశాక వాడు గంతులేయలేదు. ఫోన్ నాకిచ్చి, బెంచీ మీద వెనక్కి వాలి, ఐదు నిమిషాల్లో నిద్రపోయాడు. గొడుగావిడ వచ్చి కెప్టెన్ ఎవరని అడిగింది. చూపించాను. లేపవద్దని, జనవరి ఆటల పట్టిక ఈమెయిల్ చేస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను ఆడిట్ పెట్టలేదు. మస్తాన్ కొట్టుకొచ్చి పెరుగు తీసుకున్నాడు. ఈసారి మర్చిపోకుండా పట్టుకెళ్ళాడని నాగేశ్వరి చెప్పింది.

క్రిస్మస్ నాటికి లెక్క ఇది. ఏడు ఆటలు, రెండు గెలుపులు, ఒక డ్రా, నాలుగు ఓటములు. వేసినవి తొమ్మిది, పడినవి పదిహేడు. ఏడు పాయింట్లు, కావలసినవి ఏడే. నా మాట మీద పోయినవి నాలుగు ఆటలు, అవి తిరిగి రావు. జనవరికి మణిదీప్ పేరుకు ఎదురుగా కూడా ఒక మనిషి దొరికాడు. ఆఖరి ఆటలో అరవయ్యో నిమిషం తర్వాత పడినవి సున్నా. తెచ్చిన కమలాపండ్లు ఇరవై, కోసిన ముక్కలు ఎనభై, మిగిలినవి లేవు.